ఏడు ఊళ్ల ప్లాట్‌ఫారం

జూన్ 4

ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు. ఇక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఉండదు.

బడిలో ఆరో తరగతికి పంతొమ్మిది రోజులు పాఠం చెప్పాను. ఇరవయ్యో రోజు హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "నీకు పుస్తకాలంటే ఇష్టం, కాదనను. కానీ రెండో బెంచీ దాటితే నువ్వు వినపడవమ్మా" అంది. నిజమే. ఆ సంగతి ఇక మళ్లీ రాయను.

ఇక్కడ నా గది నేల కింద ఉంది. రైల్వే వాళ్లు యాభై ఏళ్ల కిందట తీయించిన ప్రచార సినిమాలన్నీ ఇనప అరల్లో, గుండ్రటి డబ్బాల్లో ఉన్నాయి. రైలెక్కండి, ఊళ్లు చూడండి అని చెప్పే సినిమాలు. ఒక్కోటి పది నిమిషాలు. హాళ్లలో అసలు బొమ్మకు ముందు వేసేవారట. మాటలూ పాటలూ ఉన్న టేపులు ఎప్పుడో తడిసిపోయాయి. ఇప్పుడు అన్నీ మూగవే. నాకు సరిపోయాయి.

రీలును బెంచీ మీద చేత్తో చుడుతూ, కింద బల్బు ఉన్న గాజు వెలుగుపలక మీద చూసి కార్డు రాయాలి. నంబరు, పొడవు, స్థితి, దృశ్యాలు, స్థలం, గుర్తించినవారు. సినిమాలో కనిపించిన మనిషి బతికుంటే పిలిపించి, బెంచీ దగ్గర కూర్చోబెట్టి, చూపించి, చివరి గడిలో సంతకం పెట్టించాలని నియమం. ఇంతవరకు ఏ కార్డులోనూ సంతకం లేదు. అందరూ పోయి ఉండాలి. లేదా ఎవరూ వెతకలేదు.

కాన్వెంటులో మా సిస్టర్ అనేది: "చూసింది రాయి. అనుకున్నది రాయకు." కార్డు రాయడమంటే అంతే.

జూన్ 7

ఏడు సినిమాల వరస ఒకటి దొరికింది. ఏడు ఊళ్లు. వాటి పేర్లు కార్డుల్లో ఉన్నాయి, ఇక్కడ నా పేర్లే వాడుకుంటాను. సముద్రం ఊరు, కొండ ఊరు, తోటల ఊరు, వంతెన ఊరు, కోట ఊరు, మ్యూజియం ఊరు, బజారు ఊరు.

ఏడింట్లోనూ ఒక అమ్మాయే. లేతరంగు కోటు, చేతిలో చిన్న పెట్టె. రైలు ఆగుతుంది, దిగుతుంది. ప్లాట్‌ఫారం మీద బోర్డు కేసి చూసి ఊరి పేరు చదువుకుంటుంది. ఊరికే చూడడం కాదు, నిజంగా చదువుతుంది, పెదాలు కదులుతాయి. తర్వాత ఇటు తిరిగి నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా పెట్టె సర్దుకోవాలనిపిస్తుంది. నాకే అనిపించింది. నేను ఊరు దాటింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ కాన్వెంటు బస్సులో, కళ్లు మూసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ.

ఆమెకు పెట్టె మనిషి అని పేరు పెట్టాను.

జూన్ 8

పెట్టె మనిషి ఏ సినిమాలోనూ తిరిగి రైలెక్కదు. ఏడూ చూశాను.

జూన్ 11

మంగళ, శుక్రవారాల్లో ఆపరేటర్ గారు వస్తారు. డెబ్బై నాలుగేళ్లు. ఆ రోజుల్లో ఈ సినిమాలు తీసిన యూనిట్లో కెమెరా అసిస్టెంటు, తర్వాత ప్రొజెక్టర్ ఆపరేటరు. పాత యంత్రం ఆయన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ వినదు. రిటైరయినా అందుకే రమ్మంటున్నారు. మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగుతూ ఒక్కో మెట్టునూ ఒక్కో తిట్టు తిడతారు. పద్నాలుగు మెట్లు. ఏ తిట్టూ రెండోసారి రాదు.

ఇవాళ ధైర్యం చేసి అడిగాను. "ఇంటికి వెళ్లేది ఎందుకు చూపించలేదండీ?"

"అది మా యూనిట్లో మొదటి సూత్రం తల్లీ. తిరుగు ప్రయాణం తీయకూడదు. సెలవు అయిపోతుందని గుర్తుచేస్తే టికెట్టెవడు కొంటాడు?"

"ఈ అమ్మాయి ఎవరండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ తీశారు.

"ఎవరో. అప్పట్లో ఎవరెవరో వచ్చేవారు."

రీలు చుట్టడం మొదలుపెట్టారు. ఆమె బోర్డు దగ్గరికి వచ్చేసరికి హ్యాండిలు వేగంగా తిప్పారు. తొందరలో ఉన్నారేమో.

జూన్ 15

డైరెక్టర్ గారు కిందికి దిగి వచ్చారు. ఆయన కిందికి రావడం ఇదే మొదలు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు, పాత ఫిలిం పుల్లటి వాసన వేస్తుంది మరి.

వచ్చే నెల తొమ్మిదిన పెద్ద ప్రదర్శన. ఏడు ఊళ్ల సినిమాలూ కొత్త కాపీలు చేయించి, హాల్లోని కొత్త యంత్రం మీద వేస్తారు. ఏడు ఊళ్ల నుంచి పర్యాటక శాఖల వాళ్లు వస్తున్నారు. ఒక్కో సినిమా అయ్యాక దాని కార్డు మైకులో చదవాలి.

"ఎవరు చదువుతారండీ?" అన్నాను.

"రాసినవాళ్లే. ఇంకెవరు? అన్నట్టు, ఆ పెట్టె పట్టుకున్నావిడ మన ఆపరేటర్ గారి భార్యే, తెలుసుగా? ఏడు ఊళ్లూ తిరిగిన మనిషి. ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెడదాం. నువ్వు వాళ్లింటికెళ్లి నాలుగు ముక్కలు రాసుకురా."

రెండు విషయాలు ఒకేసారి విన్నాను. ఒకటి మైకు. దాని గురించి ఇవాళ ఆలోచించను.

రెండోది, సొంత భార్యను ఆపరేటర్ గారు 'ఎవరో' అన్నారు.

జూన్ 17

భూతద్దం పెట్టి ఏడూ మళ్లీ చూశాను. పొద్దున మొదలుపెడితే తిండి సంగతి మరిచిపోయి సాయంత్రమైంది.

తోటల ఊరి ప్లాట్‌ఫారం గడియారం అద్దానికి పగులుంది. నాలుగు అంకె నుంచి ఏడుకు, వెంట్రుకలా. కోట ఊరి గడియారానికీ ఉంది. నాలుగు నుంచి ఏడుకే.

కొండ ఊళ్లో బల్ల కింద ఒక కుక్క. ఎడమ చెవి సగం లేదు. మ్యూజియం ఊళ్లోనూ అదే కుక్క, అదే బల్ల. కుక్క కూడా రైలెక్కి ఊళ్లు చూస్తోందా?

ఇక కోటు. వంతెన ఊళ్లో ఆమె మోచేతి మీద నల్లమరక ఉంది. మరక కాదు, అక్షరం ముక్క, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. కోట ఊరి బోర్డు చివరి అక్షరంతో పోల్చి చూశాను. అదే. అక్కడి బోర్డు పెయింటు ఆరకముందే ఆనుకుని, ఆ కోటుతోనే ఇంకో ఊళ్లో దిగింది. ఆ రెండు ఊళ్ల మధ్య రైల్లో రెండు రోజుల ప్రయాణం.

నాలుగు గంటలకు పని ఆపి మన స్టేషనుకు నడిచి వెళ్లాను. రెండో ప్లాట్‌ఫారం చివర, సరుకుల షెడ్డు పక్కన, ఎవరూ వాడని పాత గడియారం ఉంది. ముళ్లు లేవు. అద్దం ఉంది. నాలుగు నుంచి ఏడుకు పగులు.

నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నిలబడి నవ్వాను. పోర్టరు ఒకాయన "బండి వెళ్లిపోయిందా అమ్మా?" అని జాలిగా అడిగాడు.

ఏడు ఊళ్లూ మన ఊరే.

జూన్ 19

డైరెక్టర్ గారికి చెప్పాలి. ఇవాళ ఆయన బిజీ.

జూన్ 20

ఇవాళ కూడా బిజీ. టీ తాగుతూ కిటికీలోంచి చూస్తున్నారు. ఏదో ఆలోచనలో ఉన్నట్టున్నారు. ఆలోచనలో ఉన్నవాళ్లను కదిలించకూడదు.

జూన్ 21

ఇంకా కొంచెం నిర్ధారణ చేసుకోవాలి.

జూన్ 24

ఆపరేటర్ గారింటికి వెళ్లాను. ఆయన లేని వేళ చూసుకుని వెళ్లలేదు. వెళ్లేసరికి లేరు, మోకాళ్ల మందు కోసం వెళ్లారట.

రెండు గదులు, వరండా. ఆయన భార్య మామ్మగారిని చూడగానే గుర్తుపట్టాను. జుట్టు తెల్లబడింది, ఒళ్లొచ్చింది, నవ్వు మాత్రం అదే. వరండాలో పక్కింటావిడ కూర్చుని ఉంది. ఆవిడ కూతురికి మ్యూజియం ఊళ్లో ఉద్యోగం వచ్చిందట, ఏమేం సర్దాలో అడగడానికి వచ్చింది.

"స్టేషను దిగగానే కుడివైపు వెళ్లమను. ఎడమవైపు ఎత్తు ఎక్కువ, పెట్టెతో ఆయాసం. మొదటి రోజే ఊరంతా తిరగొద్దను. కొత్త ఊరు కొత్తల్లుడిలాంటిది, మొదటి రోజు అన్నీ బాగానే కనిపిస్తాయి, మూడో రోజు గానీ తెలియదు" అంటున్నారు మామ్మగారు.

"మీరు నడిచే గైడండీ" అంది పక్కింటావిడ. "పోయినసారి మాత్రం కుడివైపే ఎత్తన్నారు."

"అది కొండ ఊరమ్మా. నీకే మతిమరుపు" అన్నారు మామ్మగారు. పక్కింటావిడ నన్ను చూసి కన్నుగీటి వెళ్లిపోయింది. ఆ కన్నుగీటడం నాకు నచ్చలేదు.

నేను నోట్‌బుక్ తెరిచాను. రాసుకోవలసింది నాలుగు ముక్కలు. నా నోట్లోంచి వేరేది వచ్చింది.

"గడియారం అద్దం ఎప్పుడు పగిలిందండీ?"

ఎందుకు అడిగానో తెలియదు. తెలుసుకోవాలనిపించింది, అంతే.

 ఆవిడ లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు.

"కనిపెట్టేశావుటే! యాభై ఏళ్లలో నువ్వొక్కదానివి. ఏం చూసి కనిపెట్టావ్? కుక్కనా?"

"కుక్కను కూడా."

"చెప్పాను, ఆ కుక్కను తరమండ్రా అని. విన్నారా? అది రోజూ వచ్చి ఫ్రేములో కూర్చునేది. మా అందరికంటే దానికే సినిమా పిచ్చి."

తర్వాత అంతా చెప్పారు. ఆవిడ అప్పట్లో మన స్టేషన్లో టికెట్టు కిటికీ దగ్గర పనిచేసేవారు. ఇరవై ఒక్క ఏళ్లు. యూనిట్టుకు ఏడు ఊళ్లూ తిరిగి రమ్మని ఆర్డరు వచ్చింది, ప్రయాణానికి అనుమతి మాత్రం రాలేదు. రైల్వే వాళ్ల సినిమా తీయడానికి రైలెక్కే అనుమతి రైల్వే వాళ్లే ఇవ్వలేదు. గడువు దగ్గరపడింది. అందుకని బోర్డుల పెయింటరును పిలిచి ఒకే పలక మీద ఒకరోజు ఒక ఊరు, మర్నాడు ఇంకో ఊరు రాయించారు. గుట్ట మీంచి తీస్తే కొండ ఊరు, కాలువ దగ్గర తీస్తే వంతెన ఊరు. సముద్రం మన నీళ్ల ట్యాంకు. కెమెరా నేలకు ఆనించి పెట్టి, ఒకతను గట్టు చాటున కూర్చుని పలకతో నీళ్లను కొడుతుంటే అలలు. ఆ కొట్టినతను ఆపరేటర్ గారు.

"తడిసి ముద్దయి వచ్చి అన్నారు, 'అసలు సముద్రం ఇంతకంటే బాగుంటుందట. పెళ్లయ్యాక ఏడు ఊళ్లూ నిజంగా చూపిస్తా' అని. పెళ్లి చేసుకుంటానని ఆయన అడిగిన తీరు అదే." కొంగు కొస వేలికి చుట్టుకుంటున్నారు. "అత్తగారు పదకొండేళ్లు మంచంలో ఉన్నారు. తర్వాత ఈయనకు సెలవు రోజుల్లోనే డ్యూటీ. తర్వాత మోకాళ్లు. ఏటా పాసులొచ్చేవి. ఏటా గడువు దాటిపోయేవి."

"ఒక్క ఊరు కూడా...?"

"ఒక్కటీ లేదు. కార్డులో రాయకు అమ్మడూ. నా పరువు కోసం కాదు. రైల్వేలో పనిచేసి, చేతిలో పాసులుండి, పెళ్లాన్ని పక్క ఊరికి కూడా తీసుకెళ్లలేదని నలుగురూ ఆయన్ని అనకూడదని చెప్పడం మొదలుపెట్టాను. అలా చెప్తూ చెప్తూ ఏడూ తిరిగేశాను. ముందు వరసలో ఆయన తల దించుకుని కూర్చోవడం నేను చూడలేను. ఒట్టు వెయ్యి."

నా చెయ్యి ఆవిడే తీసుకుని తన చేతిలో వేసుకున్నారు.

జూన్ 25

ఒట్టు వేశాను. తప్పేం లేదు. బోర్డు మీద ఉన్న పేరే 'స్థలం' గడిలో రాస్తే చూసింది రాసినట్టే కదా. నాకంటే ముందు పనిచేసినవాళ్లు అలాగే రాశారు.

జూన్ 26

చూసింది రాసినట్టే.

జూన్ 28

శుక్రవారం. ఆపరేటర్ గారు మెట్లు దిగారు. తిట్లు వినపడలేదు. అదే మొదటి సూచన.

"మా ఇంటికెళ్లావట."

"ఊఁ."

"ఏం చెప్పింది?"

"కొత్త ఊరు కొత్తల్లుడిలాంటిది అన్నారు."

ఆయన నవ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, మూలనున్న తన అలమారా తెరిచి, కింది అరలోని ఒక డబ్బా మూత తీశారు. ఫిలిం డబ్బా. లోపల ఫిలిం లేదు, కాగితాలు. రైల్వే పాసులు. ఇద్దరి పేర్లు, ఒక్కటి తప్ప అన్నీ గడువు దాటినవి. అడుగున ఉన్నవి పసుపురంగుకు తిరిగాయి, పైనది ఒక్కటే తెల్లగా ఉంది.

"అది ఈ ఏటిది, ఇంకా గడువుంది. అదీ ఇందులోకే వచ్చేసింది, అలవాటుగా." మూత పెట్టి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "తల్లీ, నువ్వు పట్టేశావని నాకు తెలుసు. స్టేషన్లో గడియారం కింద నిలబడి నవ్వుతుంటే పోర్టరు చూశాడు. కార్డులో నిజం రాసెయ్యి."

నేను కలం మూత తీసి మళ్లీ పెట్టాను. 

"వీధిలో జనం మా ఇంటిదాన్ని కావాలనే కదిలిస్తారమ్మా. 'మామ్మగారూ, కోట ఎన్ని మెట్లు?' అని. ఒకసారి నూట ఇరవై అంటుంది, ఇంకోసారి రెండొందలంటుంది. వాళ్లు నవ్వుకుంటారు. నేను లోపల గదిలో వింటుంటాను. అలిసిపోతోంది. చెప్పి చెప్పి అలిసిపోతోంది. ఎవరో ఒకరు అందరి ముందు నిజం చదివేస్తే దానికి ఇక చెప్పే పనుండదు. తిడితే నన్ను తిడతారు. తిట్టించుకోవలసినవాణ్ణే."

"మీరే ఆవిడకు చెప్పచ్చు కదండీ" అన్నాను. నాకు చాలా పెద్ద వాక్యం అది.

"ఏమని చెప్పను? 'నువ్వు చెప్పేది అబద్ధమని తెలుసు, నిజం చేయలేకపోయాను' అనా? దానికి నేను విన్నట్టు తెలియదు. రాస్తావుగా?"

తల ఊపాను. అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియదు. ఆయన నిలువుగానే తీసుకున్నారు.

జూన్ 30

ఆదివారం. అమ్మ కుట్టుమిషను దగ్గర, చెల్లి పక్కన బొత్తాలు కుడుతూ. చెల్లిని మేం వాగుడుకాయ అంటాం. నా వంతు మాటలు కూడా అదే మాట్లాడుతుంది.

"ఇద్దరు నీ దగ్గరికొచ్చి ఒకే గౌనుకు రెండు కొలతలు చెప్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఎవరా ఇద్దరు? అబ్బాయా?" అంది వాగుడుకాయ.

"నోర్మూసుకుని బొత్తాలు కుట్టు" అంది అమ్మ. మిషను ఆపలేదు. "పోయినేడు అక్కచెల్లెళ్లిద్దరు అలాగే చేశారు. తల్లికి గౌను. పెద్దది వచ్చి పొడుగు పెట్టమంటుంది, చిన్నది వచ్చి పొట్టి చెయ్యమంటుంది. ఇద్దరికీ సరేనన్నా."

"ఇద్దరికీ?"

"మరి? గిరాకీతో కాదనగలమా? తర్వాత ఇద్దర్నీ ఒకే రోజు, ఒకే టైముకు రమ్మన్నా. గుడ్డ బల్ల మీద పరిచి కత్తెర చేతిలో పట్టుకుని నిలబడ్డా. నేనేం మాట్లాడలేదు. కత్తెర చూస్తే వాళ్లే మాట్లాడుకుంటారు."

జూలై 1

కాగితం రాసి పంపాను. సొంత చేతిరాతతో, వంకర లేకుండా. 'నియమం ప్రకారం, సినిమాలో ఉన్నవారు బెంచీ దగ్గర చూసి, గుర్తించి, సంతకం చేయవలసి ఉన్నది. రేపు పదకొండు గంటలకు రావలెను.' మామ్మగారి పేరున. రేపు మంగళవారం, ఆపరేటర్ గారు ఎలాగూ వస్తారు.

నేను చేసింది నియమం పాటించడమే.



జూలై 2

మామ్మగారు వచ్చారు. ఆపరేటర్ గారు ఆవిడను చూసి, "నువ్వెందుకొచ్చావే?" అన్నారు. "సంతకానికి. మీరు వచ్చినప్పుడల్లా ఇన్ని మెట్లు దిగుతున్నారా?" అన్నారు ఆవిడ. చెరో పక్క కుర్చీ వేశాను. మధ్యలో బెంచీ, వెలుగుపలక, నేను.

సముద్రం ఊరు రీలు ఎక్కించి మెల్లగా తిప్పాను. మామ్మగారు ఇరవై ఒక్క ఏళ్ల తనను చూస్తూ, "ఆ నడుము ఎటుపోయిందో" అన్నారు. అల వచ్చింది. చెయ్యి ఆపాను. కార్డు ముందు పెట్టుకుని, కలం తెరిచి అడిగాను.

"స్థలం?"

"మన ఊరు" అన్నారు ఆపరేటర్ గారు.

"సముద్రం ఊరు" అన్నారు మామ్మగారు.

ఇద్దరూ ఒక్కసారే.

ఆవిడే ముందు తేరుకున్నారు. "మతి పోయిందా మీకు? సముద్రం కనిపించట్లేదూ?"

"అది నీళ్ల ట్యాంకు. కొట్టింది నేను."

"ఆ సంగతి ఈ పిల్ల ముందెందుకు?"

"పిల్లకు తెలుసే. రాయమని నేనే చెప్పా."

"రాయొద్దని నేను ఒట్టు వేయించుకున్నా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. పారిపోదామంటే ఫిలిం చేతిలో ఉంది, వదిలితే నేల మీద పడుతుంది.

"ఇద్దరికీ సరేనన్నావుటే?" అన్నారు మామ్మగారు. "పాపం ఈ పిల్లకు నోట్లో నాలుకే లేదనుకున్నా. రెండున్నాయన్నమాట!"

"దాన్నేం అనకు" అన్నారు ఆపరేటర్ గారు.  "నేనన్నీ విన్నానే. కోట మెట్లూ విన్నా, కుడివైపు ఎత్తూ విన్నా. నువ్వు పరాయివాళ్లకు ఊళ్లు చెప్తుంటే లోపల నాకు చెంపదెబ్బ తిన్నట్టుండేది."

"మరి అడగలేదేం?"

"నువ్వూ అడగలేదుగా. యాభై ఏళ్లలో ఒక్కసారైనా, ఎప్పుడు తీసుకెళ్తారని అడిగావా?"

"అడిగితే మీరు బాధపడతారని."

"అడగకపోతే పడనా?"

 మామ్మగారు కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని కుర్చీ ముందుకు జరిపారు.

"పక్కింటావిడ మిమ్మల్ని ఒక మాట అనకూడదనే ఇన్నాళ్లు కథలు చెప్పా. మీరు మాట పడక్కర్లేదని కాదు. పడాల్సిందే. కానీ నా చేత పడాలి, పక్కింటావిడ చేత కాదు. పడతారా?"

"పడతా."

"అయితే వినండి."

మొదలుపెట్టారు. మొదటి ఏడాది నుంచి. ఏ ఏడు ఏ ఊరికి వెళ్దామనుకున్నారో, ఏ కోటు ఇస్త్రీ చేయించుకున్నారో, ఎవరి పెళ్లి అడ్డొచ్చిందో, ఏ అధికారి సెలవు ఇవ్వలేదో, ఆ అధికారికి ఈయన నోరు తెరిచి ఎందుకు చెప్పలేదో. ఒక్క ఏడాది కూడా వదల్లేదు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల దించుకుని, మధ్యమధ్య "నిజమే", "అదీ నిజమే" అంటూ విన్నారు. పదో ఏడాది దగ్గర ఆయన మొహం చూశాను. ఎండాకాలం సాయంత్రం చల్లనీళ్లు పోసుకుంటున్న మనిషిలా ఉన్నారు.

నేను నిలబడే ఉన్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది. ఫిలిం వదల్లేదు.

చివరికి మామ్మగారు, "ఇక చాలు, గొంతెండిపోయింది. కలం ఇలా ఇయ్యి" అన్నారు. 'గుర్తించినవారు' గడిలో ఆవిడ సంతకం, కింద ఆయన సంతకం. ఏడు కార్డుల్లోనూ.

'స్థలం' దగ్గర నేను రాశాను. మన ఊరు. ఏడుసార్లు.

జూలై 3

ఇవాళ కూడా డైరెక్టర్ గారు బిజీగానే ఉన్నారు. తలుపు తట్టాను.

కార్డులు చదివారు. మొదటిది, రెండోది, గబగబా ఏడోది. "ఇదేంటమ్మా?"

"స్థలమండీ."

"ఏడు ఊళ్ల నుంచి మనుషులు వస్తున్నారు. తీరా వచ్చాక మీ ఊరు మా నీళ్ల ట్యాంకు అని చెప్పనా?"

"సంతకాలున్నాయండీ" అన్నాను.

ఆయన సంతకాలు చూశారు. సంతకం ఉన్న కార్డును మార్చడానికి ఆయనకు కూడా వీల్లేదు, అదీ నియమమే. కుర్చీలో వెనక్కి వాలారు. "కాపీలు వచ్చేశాయి. ఆహ్వానాలు వెళ్లిపోయాయి. చదువు. నువ్వే చదువు. ఆ తర్వాత నీ ఉద్యోగం పర్మనెంటు సంగతి మాట్లాడుకుందాం" అన్నారు. మాట్లాడుకుందాం అన్న తీరు బాగాలేదు.

వాళ్లందరికీ యాభై ఏళ్లుగా మన ఊరు చూపించాం, మనకే గొప్ప కదండీ అని చెప్పి ఉండాల్సింది. మెట్లు దిగాక తట్టింది.

జూలై 6

శుక్రవారం నిన్న. ఆపరేటర్ గారు వచ్చి కింది అరలో డబ్బా తెరిచారు. నేను చూడనట్టు కార్డులు సర్దుకున్నాను. వెళ్లేటప్పుడు మెట్లను తిట్టారు. పద్నాలుగూ కొత్తవే.

జూలై 8

రేపు. ఏడు కార్డులూ వాగుడుకాయకు చదివి వినిపించాను. "బాగుందక్కా, ఈసారి నోరు తెరిచి చదువు" అంది.

జూలై 9

పొద్దున బెంచీ మీద ఆపరేటర్ గారి అలమారా తాళంచెవి, దాని కింద చీటీ. 'తొమ్మిదిన్నర బండి. ఇవాళే అంటోంది. సభ అయ్యాక వెళ్దామే అంటే, అలా అనే యాభై ఏళ్లయింది అంటోంది. ఏమీ అనుకోకు తల్లీ.'

గడియారం చూశాను. పదింబావు.

హాలు నిండింది. సముద్రం ఊరుతో మొదలుపెట్టారు. అల రాగానే మూడో వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అదిగో, మా గట్టు! చిన్నప్పుడు మా నాన్నతో ఆ గట్టు మీదే కూర్చునేవాణ్ణి!" చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. లైట్లు వెలిగాయి. నేను మైకు ముందుకు వెళ్లాను. మైకు నాది కాదు. కార్డు మాత్రం నాదే.

చదివాను. నంబరు, పొడవు, స్థితి, దృశ్యాలు. "స్థలం: మన ఊరు, నీళ్ల ట్యాంకు."

 తర్వాత ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వరసలు దాటుకుంటూ వచ్చింది. పెద్దాయన మాత్రం, "ట్యాంకేంటమ్మా, మా గట్టు నాకు తెలియదా?" అంటూనే ఉన్నాడు. పక్కనున్నావిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన మీద జాలేసింది, అయినా చదివింది వెనక్కి తీసుకోలేదు.

రెండో కార్డులో సగం చెవి కుక్క గురించి చదివాక, ప్రతి సినిమాలోనూ జనమే దాని కోసం వెతకడం మొదలుపెట్టారు. మూడో కార్డులో పగులు సంగతి విన్నారుగా, ఐదో సినిమాకు గడియారం కనిపించగానే హాలంతా "పగులు!" అని అరిచింది. ఏడోది అయ్యేసరికి డైరెక్టర్ గారు కూడా ఇదంతా తన ఆలోచనే అన్నట్టు తల ఊపుతున్నారు.

ఆయన వేదిక మీదికి వచ్చారు. "ఇప్పుడు ఈ ఏడు ఊళ్లనూ మనకు చూపించిన దంపతులను..." అని చెయ్యి ముందు వరసకు చాపారు. రెండు కుర్చీలు ఖాళీ. ఇందాకటి నుంచీ ఖాళీయే, ఆయన ఇప్పుడు చూశారు. నా వైపు వంగి, పళ్ల మధ్య నుంచి అడిగారు.

"వాళ్లేరి?"

మైకు నా ముందే ఉంది, ఆపలేదు.

"ఊరెళ్లారండీ."

హాలు గొల్లుమంది. డైరెక్టర్ గారి మొహం ఎర్రబడింది.

"ఏ ఊరు?"

చీటీలో ఊరి పేరు లేదు. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

"తెలియదండీ. తిరిగొచ్చాక అడిగి రాస్తాను."